జాగ్రత్తకు గడువు ఉంటుంది

భయం మంచిదా, చెడ్డదా అని అడిగితే మన పెద్దలు ఒక్క మాటలో జవాబు చెప్పరు. దేనికి భయం, ఎంతసేపు భయం, ఆ భయంతో ఏం చేశావు అని తిరిగి అడుగుతారు. అడవిలో బతికేవాళ్లకు భయం అవసరమే. చీకట్లో కాలిబాట మీద కర్రతో నేల తడుతూ నడుస్తాం. పాము ఉండవచ్చని తెలుసు కాబట్టే తడతాం. అలాగని నడక మానం. ఇల్లు చేరాక కర్రను మూలన పెట్టి అన్నం తింటాం. మంచం ఎక్కాక కూడా నేల తడుతూ కూర్చున్నవాడిని చూస్తే, ఎంత జాగ్రత్తపరుడో అని మెచ్చుకోం. ఇతనికి ఏదో కష్టం వచ్చింది అనుకుంటాం.

ఇల్లు చేరినా కర్ర దించలేని పిల్లల గురించి ఇక్కడ మాట్లాడాలని అనుకుంటున్నాం. మేము ఆదివాసీ ఉపాధ్యాయులం. పాడేరు మన్యంలోని ఆశ్రమ పాఠశాలల్లో పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల మధ్య పగలూ రాత్రీ ఉండేవాళ్లం. రోగం గురించిన భయం, క్రిముల గురించిన భయం ఈ వయసులో కొందరు పిల్లలను ఎంతగా పట్టుకుంటుందో దగ్గరగా చూస్తున్నాం. ఇది ఆస్పత్రికి సంబంధించిన విషయమే. అయితే అక్కడితో ఆగదు. మనిషి తనను తాను ఎలా చూసుకోవాలి, పక్కవాడిని ఎలా చూడాలి అనే నీతి ప్రశ్న కూడా ఇందులో ఉంది.

ఈ భయం ఎలా ఉంటుంది?

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు. గదిలో తన పక్కన పడుకునే స్నేహితురాలికి కామెర్లు వచ్చి ఇంటికి వెళ్లింది. అప్పటి నుంచి ఈ అమ్మాయి చేతులు కడుక్కోవడం పెరిగింది. భోజనానికి ముందు కడుగుతుంది. కుళాయి కట్టేసిన చేతికి కుళాయి మురికి అంటిందని మళ్లీ కడుగుతుంది. నెలకు ఇచ్చే సబ్బు వారానికే అరిగిపోతుంది. చలికాలంలో వేళ్ల సందుల్లో చర్మం పగిలి రక్తం చిమ్ముతుంది. ఎవరైనా చింతకాయ చేతిలో పెడితే నవ్వుతూ తీసుకుంటుంది, ఎవరూ చూడకుండా పారేస్తుంది. స్నేహితులు చూశారని తెలిసినప్పుడు ఏడుస్తుంది.

పదో తరగతి అబ్బాయి ఒకడు. బడిలో సికిల్ సెల్ పరీక్ష చేశారు. అతనికి జబ్బు లేదు, జబ్బు లక్షణాన్ని మోసే జన్యువు ఒకటి మాత్రమే ఉంది అని కార్డు ఇచ్చారు. అలాంటివాళ్లలో ఎక్కువమంది అందరిలాగే బతుకుతారని నర్సు చెప్పింది. అబ్బాయి విన్నాడు, తల ఊపాడు. ఆ రాత్రి నుంచి మోకాలు నొప్పి పెడితే అదే అనుకుంటాడు. కబడ్డీ ఆడి గుండె దడదడలాడితే అదే అనుకుంటాడు. మణికట్టు మీద వేలు పెట్టి నాడి లెక్కపెట్టుకుంటూ పాఠం వినడు. రోజుకు పదిసార్లు వచ్చి, "సార్, నా ఒళ్లు వేడిగా ఉందా, చూడండి" అంటాడు. లేదు నాన్నా అంటే ముఖం వికసిస్తుంది. అరగంటకు మళ్లీ వస్తాడు.

వీళ్లను చూసి తోటి పిల్లలు నవ్వుతారు. పెద్దవాళ్లు కొందరు "నాటకాలు" అంటారు, కొందరు "చదువు తప్పించుకోవడానికి" అంటారు. ఇంకా పెద్దవాళ్లు "మా కాలంలో ఇవన్నీ లేవు" అంటారు. ఈ మూడు మాటలూ తప్పే. రక్తం వచ్చేదాకా నాటకం ఆడే పిల్లలు ఉండరు.

భయానికి మూలం అబద్ధం కాదు

"ఏమీ కాదు, భయపడకు" అని చెప్పడం మనకు అలవాటు. మన పిల్లలకు ఆ మాట ఎందుకు ఎక్కదో ఆలోచించాలి. మన్యంలో పుట్టిన పిల్లవాడు రోగాన్ని పుస్తకంలో చదవలేదు. వానాకాలం మలేరియా వచ్చి ఇంట్లో ముగ్గురు ఒకేసారి వణకడం చూశాడు. ఊటగెడ్డ నీళ్లు తాగి ఊరంతా వాంతులు, విరేచనాలతో పడుకోవడం చూశాడు. డోలీలో కట్టి మోసుకెళ్లిన మనిషి తిరిగి రాకపోవడం కూడా చూసి ఉంటాడు. కాబట్టి "ఏమీ కాదు" అంటే, ఈ సారుకు ఏమీ తెలియదని అనుకుంటాడు. అతని భయానికి కారణం ఉంది, దానికి సరైన కొలత లేదు. అతనికి మనం ఇవ్వాల్సింది ఆ కొలత.

కొలత జ్ఞానం నుంచి వస్తుంది. మలేరియా అనే పేరుకు ఇటాలియన్ భాషలో చెడుగాలి అని అర్థం. ఒకప్పుడు చిత్తడి నేలల నుంచి వచ్చే గాలే ఆ జ్వరం తెస్తుందని నమ్మారు. గాలికి భయపడేవాడు ఎక్కడికి పారిపోతాడు? ఊపిరి పీల్చిన ప్రతిసారీ భయపడాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ రోజుతో జ్వరం పోలేదు, కానీ భయానికి ఒక హద్దు దొరికింది. గాలికి భయపడనక్కర్లేదు, దోమను ఆపాలి. దోమతెర కట్టాలి, నిలవ నీరు పారబోయాలి, మందు పిచికారీకి వచ్చినవాళ్లను ఇంట్లోకి రానివ్వాలి, జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. ఇవి చేశాక నిద్రపోవచ్చు.

క్రిముల విషయమూ అంతే. క్రిమి అన్నదల్లా శత్రువు కాదు. మన ఒంట్లో మన కణాలు ఎన్ని ఉన్నాయో, దాదాపు అన్ని బ్యాక్టీరియాలు మనతోనే కాపురం ఉంటున్నాయని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అన్నం అరగడానికి సాయపడేవి వాటిలో ఉన్నాయి. అడవిలో ప్రతి జంతువూ పులి కానట్టే ప్రతి క్రిమీ రోగం కాదు. రోగం తెచ్చే క్రిములు ఏ దారిన వస్తాయో తెలిస్తే ఆ దారికి కంచె వేస్తాం. కామెర్లు, టైఫాయిడ్, విరేచనాలు ఎక్కువగా నీటి దారిన, తిండి దారిన, కడగని చేతుల దారిన వస్తాయి. అందుకే మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక, తినే ముందు సబ్బుతో ఇరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు చేతులు రుద్ది కడగాలి. ఇరవై ఒకటో అంకెకు కడగడం అయిపోవాలి.

జాగ్రత్తకూ భయానికీ తేడా

ఎక్కడ జాగ్రత్త ముగుస్తుంది, ఎక్కడ ఈ రకం భయం మొదలవుతుంది? మాకు తోచిన జవాబు ఇది. జాగ్రత్తకు గడువు ఉంటుంది. భయానికి గడువు ఉండదు.

2020లో కరోనా వచ్చినప్పుడు మన్యంలోనూ, ఆదిలాబాద్ వైపూ ఎన్నో ఆదివాసీ పల్లెలు దారికి అడ్డంగా దుంగలు, ముళ్లకంపలు వేసుకున్నాయి. బయటివాళ్లను రానివ్వలేదు. పని కోసం పట్నం వెళ్లి తిరిగి వచ్చిన మన పిల్లలు కొందరు పొలాల్లోని పాకల్లో ఉండి రోజులు లెక్కపెట్టారు. ఇంటివాళ్లు అంబలి కుండ తెచ్చి కాస్త దూరంలో పెట్టి, కేకేసి, మాట్లాడి వెళ్లారు. అది జాగ్రత్త. అందులో మూడు గుణాలు ఉన్నాయి. ఒకటి, ఊరంతా కూర్చుని నిర్ణయించారు. రెండు, దూరం పెట్టినవాడికి తిండి, మాట ఆపలేదు. మూడు, రోజులు పూర్తయ్యాక అతన్ని ఇంట్లోకి పిలిచారు, దారి మీద దుంగ తీశారు.

దుంగ తీయడం చాలా ముఖ్యం. ఏదో ఒక రోజు దుంగ తీస్తామన్న నమ్మకం ఉంటేనే అడ్డం పెట్టినవాడూ, ఆగినవాడూ మనుషులుగా మిగులుతారు.

మన తొమ్మిదో తరగతి అమ్మాయి మనసులో దుంగ తీసేవాళ్లు ఎవరూ లేరు. చేతులు కడిగిన వెంటనే ఆమెకు కాస్త ఊరట కలుగుతుంది. ఆ ఊరటే ఉచ్చు. "కడిగావు కాబట్టి బతికావు" అని మనసు ఆమెకు నేర్పుతుంది. మరుసటిసారి భయం ఇంకాస్త ముందే వస్తుంది, ఇంకాస్త ఎక్కువ కడగమంటుంది. అబ్బాయి పదిసార్లు అడగడమూ ఇదే. మనం ఇచ్చే "ఏమీ లేదు నాన్నా" అన్న మాట అతనికి సబ్బు లాంటిది. వాడిన కొద్దీ అరిగిపోతుంది. అనుమానం పెనుభూతం అని తెలుగులో సామెత. ఆ భూతానికి మనం ప్రతిసారీ జవాబు చెప్పడమే మేత వేయడం.

వైద్యులు దీనికి పేర్లు పెట్టారు. కడిగే పని, సరిచూసుకునే పని ఆపుకోలేకపోతే, అది రోజులో చాలా సమయం తినేస్తుంటే దాన్ని ఓసీడీ అంటారు. తనకు పెద్ద జబ్బు ఉందనే ఆలోచన వదలకపోతే ఆరోగ్యం గురించిన ఆందోళన అంటారు. మానసిక ఇబ్బందుల్లో సగం దాకా పద్దెనిమిదేళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఇవి మొదలయ్యే వయసులో పిల్లలు మన బడిలో, మన హాస్టల్‌లో ఉంటారు. ఇది బలహీనత కాదు, దేవత కోపం కాదు, పెంపకం లోపం కాదు. తగ్గించుకోగలిగిన ఇబ్బంది.

"మురికివాళ్లు" అన్న మాట

మన పిల్లల విషయంలో ఇంకొక పొర ఉంది. దాన్ని చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

ఆదివాసీ పిల్లవాడు కొండ దిగి రోడ్డు మీదకు వచ్చిన రోజు నుంచి ఒక మాట వింటాడు. వీళ్లకు శుభ్రం ఉండదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ముడుచుకుంటారు. సంతలో చిల్లర చేతిలో పెట్టకుండా బల్ల మీద పడేస్తారు. ఆ మాట విని విని, కొందరు పిల్లలు తమ చేతుల్లోనే ఏదో ఉందని నమ్మడం మొదలుపెడతారు. అలాంటి పిల్ల చేతులు కడుగుతుంటే కడిగేది కామెర్ల క్రిమినా, లేక తన మీద పడిన ఆ మాటనా అన్నది మనం ఆలోచించాలి. సబ్బుతో క్రిమి పోతుంది. మాట పోదు. అందుకే కడగడం ఆగదు.

ఆ పిల్లలకు చరిత్రలోని ఒక సంగతి చెప్పాలి. 1847లో వియన్నాలోని పెద్దాస్పత్రిలో రెండు కాన్పు వార్డులు ఉండేవి. ఒకదానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుడు పోసేవారు. రెండోదానిలో మంత్రసానులు పోసేవారు. బాలింతలు ఎక్కువగా చనిపోయింది డాక్టర్ల వార్డులో. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు కారణం వెతికాడు. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు బాలింతల దగ్గరికి వస్తున్నారని గుర్తించాడు. క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడిగించాడు. మరణాలు బాగా తగ్గాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. మావంటి పెద్దమనుషుల చేతులు మురికివా అని వాళ్లకు కోపం.

దీని అర్థం ఏమిటి? క్రిమికి కులం తెలియదు, తెగ తెలియదు, హోదా తెలియదు. చేతులు కడుక్కోవడం ఒక పని. ఎవరు చేస్తే వాళ్లు శుభ్రం. అది పుట్టుకతో రాదు, పుట్టుకతో పోదు. హాస్టల్‌లో కుళాయికి నీళ్లు రాకపోతే, మరుగుదొడ్డి తలుపు విరిగితే ఆ లోపం పిల్లలది కాదు. నీళ్లు ఇవ్వకుండా శుభ్రత పాఠం చెప్పడం అన్యాయం. నీళ్లు అడగడం, సబ్బు అడగడం పిల్లల హక్కు. ఆ హక్కు కోసం వాళ్ల పక్కన నిలబడడం మన పని.

భయం మనిషిని వెతుక్కుంటుంది

మన పక్కనున్న తప్పును కూడా చెప్పుకోవాలి. అవతలివాళ్లు మనల్ని దూరం పెడితే బాధపడే మనం, మన ఊళ్లలో రోగభయంతో ఏం చేస్తున్నాం? ఇంట్లో వరుసగా జ్వరాలు వస్తే, చావులు జరిగితే, ఎవరో చిల్లంగి పెట్టారు అంటాం. వేలు ఒక ఒంటరి ముసలామె మీదకో, ఎదురు మాట్లాడే మనిషి మీదకో వెళుతుంది. ఆ అనుమానంతో కొట్టడం, ఊరి నుంచి వెళ్లగొట్టడం, ప్రాణాలు తీయడం కూడా మన ప్రాంతంలో జరిగాయి. కారణం తెలియని భయం ఎక్కువ కాలం గాలిలో ఉండలేదు. కూర్చోవడానికి ఒక మనిషిని వెతుక్కుంటుంది.

బడిలోనూ అదే చిన్న రూపంలో జరుగుతుంది. గజ్జి వచ్చిన పిల్లవాడిని "వాడి దగ్గరికి పోకండి" అంటారు. గజ్జికి మందు ఉంది. అతనితో పాటు గదిలో అందరికీ మందు రాసి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తే పోతుంది. కానీ "వాడు" అన్న మాట గజ్జి పోయాక కూడా నిలుస్తుంది. సికిల్ సెల్ అంటువ్యాధి కాదు, తల్లిదండ్రుల నుంచి రక్తంలో వచ్చేది. ఒక కంచంలో తిన్నా, ఒక దుప్పటి కప్పుకున్నా అంటదు. అయినా కార్డు చూసి పక్కకు జరిగే పిల్లలున్నారు. 2023 జూలైలో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలంటోంది. అందులో భాగంగా ఊరూరా, బడిబడికీ పరీక్షలు వస్తున్నాయి. రక్తం చుక్క తీసుకోవడం క్షణం పని. ఆ ఫలితం పట్టుకుని పిల్లవాడు ఎలా బతకాలో వివరించడానికి ఎక్కువ సమయం ఇవ్వాలి. అందరి ముందు కార్డు చదవకూడదు.

కాబట్టి నీతి ప్రశ్నకు మా జవాబు ఇలా ఉంది. భయపడడం తప్పు కాదు. అది మన చేతిలో లేదు. ఆ భయాన్ని మరో మనిషి మీదకు తోయడం తప్పు. క్రిములకు భయపడే పిల్లను "పిచ్చిది" అనడం కూడా ఆ తప్పే.

ఏం చేయాలి?

యువకులకు ముందు చెబుతాం. ఈ భయం నీకుంటే, నీ ఒక్కడికే ఉందనుకోకు. దాన్ని ఒక్కసారిగా గెలవాలని చూడకు. కడగాలనిపించినప్పుడు ఐదు నిమిషాలు ఆగి చూడు. ఆ ఐదు నిమిషాలు గుండె గోల చేస్తుంది. చేయనివ్వు. అల లేచినట్టు లేచి, దానంతట అదే దిగుతుంది. అలా దిగడాన్ని నీ ఒళ్లు నేర్చుకోవాలి. రేపు పది నిమిషాలు ఆగు. ఓసీడీకి వైద్యులు నేర్పే పద్ధతి సారం ఇదే. భయాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం, అది అడిగిన పని చేయకుండా ఉండడం. ఫోన్‌లో జబ్బుల పేర్లు వెతకడం మానుకో. అక్కడ తలనొప్పితో మొదలుపెట్టినవాడు పెద్ద జబ్బు దగ్గర తేలతాడు. నమ్మకమున్న ఒక్కరికి చెప్పు. చెబితే భయం పరువు తీస్తుందనుకుంటావు, కానీ దాచిన భయమే ఎక్కువ పెరుగుతుంది.

తోటి ఉపాధ్యాయులకు. పిల్లవాడు పదోసారి వచ్చి జ్వరం ఉందా అని అడిగితే కసరవద్దు, పదోసారి జవాబూ చెప్పవద్దు. "పొద్దున చూశాం కదా నాన్నా, ఇది నీ భయం అడుగుతున్న ప్రశ్న. సాయంత్రం ఆరింటికి మళ్లీ చూద్దాం, ఇప్పుడు రా, ఈ లెక్క చెయ్యి" అనండి. గడువు పెట్టడం అంటే ఇదే. అలాగని నిర్లక్ష్యం చేయకండి. భయం ఉన్న పిల్లవాడికీ జ్వరం వస్తుంది. "వీడెప్పుడూ ఇంతే" అని వదిలేసిన రోజు నిజమైన మలేరియా కావచ్చు. ఒళ్లు వేడిగా ఉంటే ఎవరికైనా రక్తపరీక్ష ఒక్కటే. చర్మం పగిలినా, తిండి తగ్గినా, చదువు ఆగినా, చావు మాటలు వచ్చినా ఆలస్యం చేయకుండా పీహెచ్‌సీ డాక్టరుకు చూపించాలి. పాడేరు వంటి పెద్దాస్పత్రికి పంపమని అడగాలి. టెలీమానస్ అనే ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు నుంచి ఉంది. 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. హాస్టల్ పిల్లల దగ్గర ఫోన్ ఉండదు, మన ఫోన్ ఇచ్చి, కాస్త పక్కకు జరిగి నిలబడాలి.

ఇంటివాళ్లు దిసారి దగ్గరికి తీసుకెళతామంటే పోట్లాడనక్కర్లేదు. తనవాళ్లందరూ చుట్టూ కూర్చుని తన కోసం పూజ చేయడం పిల్లవాడికి ధైర్యమే. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు దానివల్ల వెనక్కి జరగకూడదు. కొట్టడం, వాతలు పెట్టడం, పస్తు ఉంచడం వంటివి ఎవరు చేసినా అడ్డుకోవాలి.

"తినడానికే లేనివాళ్లకు ఇదొక రోగమా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. ఆకలి పెద్దదే, డోలీ మోత పెద్దదే. అయితే పేదవాడికి ఒళ్లు మాత్రమే ఉంటుంది, మనసు ఉండదు అని ఎవరు చెప్పారు? మనల్ని అలా చూసింది బయటివాళ్లు. ఆ చూపును మన పిల్లల మీద మనమే పెట్టకూడదు. రోడ్డు కోసం, నీళ్ల కోసం, డాక్టరు కోసం అడిగే నోటితోనే మన పిల్లల మనసు కోసం కూడా అడుగుదాం.

రోగం లేని లోకాన్ని మనం పిల్లలకు ఇవ్వలేం. దోమతెర ఇవ్వగలం, సబ్బు ఇవ్వగలం, ఎంతవరకు జాగ్రత్తపడాలో చెప్పగలం. చేయవలసింది చేశాక చేతులు తుడుచుకుని స్నేహితుల వరుసలో కూర్చుని అన్నం తినే ధైర్యం కూడా వాళ్లకు రావాలి. పక్కవాడు అందించిన చింతకాయను భయపడుతూనే అయినా కొరికి తినగలిగిన రోజు, ఆ పిల్ల క్రిమి మీద మాత్రమే కాదు, మనుషులను విడదీసే భయం మీద కూడా గెలిచినట్టు. ఆ గెలుపుకు ఎంత కాలం పట్టినా ఆమె పక్కన ఉండడం మన బాధ్యత.